కాన్ఫరెన్సు మారితే దాయాదుల పోరు ఎందుకు ఆగిపోతుంది? ఇద్దరూ అనుకుంటే ఆడుకోలేరా?

శనివారం_ఆట అడిగారు:

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ని దగ్గరగా చూసేవాళ్లను అడుగుతున్నాను. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ మధ్య జరిగే బెడ్‌లమ్ అనే పోటీ 2023 నవంబర్ 4తో ఆగిపోయింది. ఆ రోజు ఓక్లహోమా స్టేట్ 27–24తో గెలిచింది. మరుసటి జులైలో ఓక్లహోమా బిగ్ 12 అనే కాన్ఫరెన్సును (కలిసి ఆడుకునే కాలేజీల కూటమి) వదిలి ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్సులో చేరింది. రెండు ఊళ్ల మధ్య గంటన్నర కారు ప్రయాణం, అయినా ఆట లేదు. అదే వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ కూడా విడిపోయాయి కదా, వాళ్ల పోటీ ఆపిల్ కప్ మాత్రం నడుస్తోంది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం అయితే 2011 తర్వాత 12 సీజన్లు ముఖం చూసుకోకుండా ఉండి 2024లో మళ్లీ కలిశాయి.

కాన్ఫరెన్సు వేరైతే ఆడకూడదని ఎక్కడైనా నిబంధన ఉందా? లేకపోతే అసలు అడ్డం ఏది: డబ్బా, తేదీలా, పంతమా? ఏ పోటీ నిలుస్తుందో, ఏది పోతుందో ముందే పసిగట్టే మార్గం ఉంటే అదీ చెప్పండి. "అంతా టీవీ డబ్బు" అనే ఒక్క ముక్క జవాబు చాలాసార్లు విన్నాను. దాని వెనక లెక్క ఎలా పనిచేస్తుందో కావాలి.

---

పన్నెండు_శనివారాలు జవాబు:

నిబంధన ఏదీ లేదండీ. ఏ కాన్ఫరెన్సు జట్టు ఏ కాన్ఫరెన్సు జట్టుతోనైనా ఆడొచ్చు. అడ్డం వచ్చేది కూడికలు తీసివేతల దగ్గరే.

సీజనుకు 12 ఆటలు. బిగ్ టెన్, బిగ్ 12 జట్లు అందులో 9 సొంత కాన్ఫరెన్సులోనే ఆడాలి. ఎస్‌ఈసీ 2025 వరకూ 8 ఆడింది, 2026 నుంచి 9. దాంతోపాటు ఏటా కనీసం ఒక పెద్ద కాన్ఫరెన్సు జట్టుతోగానీ ఏ కాన్ఫరెన్సులోనూ లేని నోటర్ డేమ్‌తోగానీ ఆడాలన్న షరతు కూడా ఎస్‌ఈసీలో ఉంది. అంటే బయటి ఆటలకు మిగిలేది మూడు శనివారాలు, అందులో ఒకటి ముందే కట్టుబడి ఉంటుంది. మిగతా రెంటిలో చిన్న జట్లను డబ్బిచ్చి తమ మైదానానికి పిలిపించుకుంటారు. వాటికి బదులు వెళ్లి ఆడాల్సిన పని లేదు, టికెట్ల సొమ్మంతా ఇంటివాళ్లదే. ఆ వచ్చే జట్టుకు పది లక్షల డాలర్ల పైన ఇవ్వడం మామూలే, అయినా పెద్ద స్టేడియం ఉన్న బడికి (యూనివర్సిటీకి) అది లాభమే.

దీని కింద ఇంకో లెక్క ఉంది, ఎక్కువమంది పట్టించుకోనిది అదే. పెద్ద బళ్లన్నీ ఏడాదికి 7 హోమ్ గేములు కావాలనుకుంటాయి. బడ్జెట్లు ఆ ఏడు మీద ఆధారపడే వేసుకుంటారు. కాన్ఫరెన్సులో 9 ఆటలంటే ఒక ఏడు 5 ఇంట్లో, 4 బయట. మరుసటి ఏడు 4 ఇంట్లో, 5 బయట. నాలుగే ఇంట్లో ఉన్న ఏడాది ఏడు కావాలంటే బయటి ఆటలు మూడూ సొంత మైదానంలోనే జరగాలి. అంటే ప్రత్యర్థి ఇంటికి వెళ్లగలిగేది అయిదు ఇంట్లో ఉన్న ఏడాదే. ఇప్పుడు ఆ ప్రత్యర్థి కూడా 9 ఆటల కాన్ఫరెన్సులోనే ఉందనుకోండి. వీళ్లకు 5 ఉన్న ఏడాది వాళ్లకు 4 ఉండాలి. రెండు జట్లూ ఒకే వంతులో పడితే ఎవరో ఒకరు ఆరు హోమ్ గేములతో సరిపెట్టుకోవాలి. ఒప్పుకునేవాళ్లు తక్కువ. అయోవా, అయోవా స్టేట్ వేర్వేరు కాన్ఫరెన్సుల్లో ఉండి కూడా ఏటా ఆడుతున్నాయంటే ఈ వంతు కుదుర్చుకోబట్టే.

బెడ్‌లమ్ దగ్గరికొస్తే, విడిపోతామని తేలేనాటికే రెండు జట్ల బయటి శనివారాలు ఏళ్ల ముందు రాసుకున్న ఒప్పందాలతో నిండి ఉన్నాయి. ఓక్లహోమాకు 2025, 2026ల్లో మిషిగన్ ఉంది. ఓక్లహోమా స్టేట్‌కు అవే రెండేళ్లలో ఒరెగన్ ఉంది. ఇలాంటి ఒప్పందాలు అయిదేళ్లు, పదేళ్లు ముందే జరుగుతాయి. కాన్ఫరెన్సు మారడం మాత్రం రెండేళ్లలో, ఒక్కోసారి ఏడాదిలోపే జరిగిపోతుంది. ఆ ఖాళీలో చిక్కుకున్న పోటీయే ఆగిపోతుంది.

---

పాత_స్కోరుపుస్తకం జవాబు:

పైన చెప్పిన లెక్క సరైనదే. కానీ "ఒకే కాన్ఫరెన్సులో ఉంటే పోటీ భద్రం, విడిపోతే పోయినట్టే" అనే నమ్మకం ప్రశ్నలోనే కనిపిస్తోంది. అది నిజం కాదని చరిత్ర చెబుతోంది.

టెక్సస్, ఓక్లహోమా డల్లస్‌లోని కాటన్ బౌల్‌లో ఆడే ఆట 1929 నుంచి ఏటా తప్పలేదు. 1929 నుంచి 1995 దాకా ఆ రెండు జట్లు ఒకే కాన్ఫరెన్సులో లేవు. టెక్సస్ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సులో, ఓక్లహోమా బిగ్ ఎయిట్‌లో ఉండేవి. 1996లో బిగ్ 12 పుట్టాకే ఒక గూటికి చేరాయి. అంటే అమెరికాలో అంత పేరున్న పోటీ అన్ని దశాబ్దాలూ కాన్ఫరెన్సు బయటి ఆటగానే బతికింది. ఎలా? తేదీ స్థిరం, అక్టోబరులో టెక్సస్ స్టేట్ ఫెయిర్ జరిగే రోజులు. మైదానం ఎవరిదీ కాదు. టికెట్లు మైదానం నడిమి 50 గజాల గీత దగ్గర చెరిసగం. ఎవరింటికి ఎవరు రావాలన్న తగాదాకే తావు లేదు.

జార్జియా టెక్ 1964లో ఎస్‌ఈసీ నుంచి బయటికొచ్చింది, జార్జియాతో ఆట మాత్రం 2020 తప్ప ఏటా నడుస్తూనే ఉంది. సౌత్ కరోలైనా 1971లో ఏసీసీ అనే కాన్ఫరెన్సును వదిలేసింది. క్లెమ్సన్‌తో ఆట 1909 నుంచి 2019 దాకా ఒక్క ఏడూ ఆగలేదు. 2020లో ఆగిందీ కరోనా ఏడాది ఎస్‌ఈసీ బయటి ఆటలన్నీ రద్దు చేసుకోబట్టే.

ఇక కాన్ఫరెన్సు లోపలే ఉండి పోయినవి చూడండి. ఓక్లహోమా, నెబ్రాస్కా ఆట ఒకప్పుడు దేశమంతా కూర్చుని చూసేది. 1971లో నెబ్రాస్కా 35–31తో గెలిచిన ఆటను ఇప్పటికీ తలుచుకుంటారు. దాన్ని మొదట తెంచింది కాన్ఫరెన్సు మార్పు కాదు. బిగ్ 12 రెండు డివిజన్లుగా విడిపోయి ఆ రెండు జట్లను చెరో వైపు పెట్టింది. ఏటా జరిగే ఆట 1998 నుంచి నాలుగేళ్లలో రెండేళ్ల ఆట అయింది. 2011లో నెబ్రాస్కా బిగ్ టెన్‌కు వెళ్లేసరికి అప్పటికే సగం చల్లారిపోయి ఉంది. ఆబర్న్, ఫ్లోరిడా సంగతీ ఇంతే. రెండూ ఎస్‌ఈసీలోనే ఉన్నాయి. అవతలి డివిజన్ నుంచి జట్టుకు రెండు శాశ్వత ప్రత్యర్థులు ఉండేవి, దాన్ని ఒకటికి తగ్గించారు. 2002తో ఆ ఏటేటి ఆట ముగిసింది.

కాబట్టి పోటీని కాపాడేది కాన్ఫరెన్సు పేరు కాదు, క్యాలెండరులో దానికంటూ రాసిపెట్టిన చోటు. ఆ చోటు కాన్ఫరెన్సు ఇచ్చినా సరే, రెండు బళ్లు కలిసి కేటాయించుకున్నా సరే.

---

తేదీ_ముఖ్యం జవాబు:

ఆపిల్ కప్ నడుస్తోంది అన్నారు, నిజమే. ఎలా నడుస్తోందో చూడండి.

రెండూ ఉన్న పాక్-12 కాన్ఫరెన్సు కూలిపోయిన 2023లోనే రెండు బళ్లు అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి, 2028 దాకా. 2024 ఆట సియాటిల్‌లోని ల్యూమెన్ ఫీల్డ్‌లో జరిగింది, వాషింగ్టన్ స్టేట్ 24–19తో గెలిచింది. 2025లో పుల్‌మన్‌లో వాషింగ్టన్ 59–24తో గెలిచింది. ఆట ఉంది, కానీ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ వారం నుంచి సెప్టెంబరుకు జరిగింది. కారణం: వాషింగ్టన్ చేరిన బిగ్ టెన్ తన చివరి శనివారాన్ని చాలావరకు కాన్ఫరెన్సు ఆటలకే ఉంచుకుంటుంది. వాషింగ్టన్‌కు ఆ రోజు బయటి జట్టుతో ఆడటం కష్టం. బయటి ఆటలకు ఎక్కువగా దొరికేది మొదటి మూడు నాలుగు వారాలే.

తేదీ మారితే పోయేది ఒక్క చలిగాలి కాదు. వాషింగ్టన్ యూనివర్సిటీలో క్వార్టర్ పద్ధతి, తరగతులు సెప్టెంబర్ ఆఖర్లో మొదలవుతాయి. సెప్టెంబర్ మధ్యలో ఆట పెడితే క్యాంపస్‌లో విద్యార్థులే ఉండరు. ఒరెగన్, ఒరెగన్ స్టేట్ రెండూ క్వార్టర్ పద్ధతివే, అక్కడా ఇదే ఇబ్బంది. 1894లో మొదలైన వాళ్ల పోటీ కూడా 2024, 2025ల్లో సెప్టెంబరులోనే జరిగింది. విద్యార్థుల గొంతు లేని దాయాదుల పోరు సగం పోరే. ఈ మాట ఎంత గట్టిగా అన్నా తక్కువే.

దీనికి ఎదురు ఉదాహరణ ఏసీసీ, ఎస్‌ఈసీల మధ్య ఉంది. ఫ్లోరిడా–ఫ్లోరిడా స్టేట్, జార్జియా–జార్జియా టెక్, క్లెమ్సన్–సౌత్ కరోలైనా, కెంటకీ–లూయివిల్. ఈ నాలుగూ నవంబర్ చివరి వారంలోనే జరుగుతాయి. రెండు కాన్ఫరెన్సులూ ఆ జట్లకు ఆ రోజు సొంత ఆటలు పెట్టకుండా వదిలేస్తాయి. రెండు వైపులా నాలుగేసి జట్లు ఉండటంతో షెడ్యూలు వేసేవాళ్లకు ఇది కుదురుతుంది. ఒక్క జతే ఉండి ఒకే జట్టుకు చివరి వారం ఖాళీ ఇవ్వాలంటే, కాన్ఫరెన్సులో ఇంకో జట్టు కూడా ఆ రోజు జోడీ లేకుండా మిగులుతుంది. వాషింగ్టన్, ఒరెగన్ రెండూ చెరో బయటి ఆట పెట్టుకుంటే లెక్కకు సరిపోయేది, కానీ ఆ రెండూ ఇప్పుడు ఒకదానికొకటి కాపాడిన ప్రత్యర్థులు, అంటే ఏటా తప్పక ఆడేలా కాన్ఫరెన్సు రాసిపెట్టిన జోడీ. టీవీకి చివరి వారంలో ఆ ఆటే కావాలి.

---

శనివారం_ఆట:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. "కాపాడిన ప్రత్యర్థులు" అన్నారు కదా, ఏ కాన్ఫరెన్సులో ఎవరికి ఎన్ని? పంతం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. కాన్సస్, మిజోరి అన్నేళ్లు ఆడకపోవడానికి షెడ్యూలే కారణమంటే నమ్మబుద్ధి కావడం లేదు.

---

పన్నెండు_శనివారాలు జవాబు:

మొదటి దానికి నేను చెబుతాను.

ఎస్‌ఈసీ: 16 జట్లు, 2026 నుంచి ప్రతి జట్టుకూ 3 ఏటేటి ప్రత్యర్థులు, మిగతా 6 ఆటలు వంతులవారీగా. మిగిలిన 12 జట్లను రెండేళ్లలో చుట్టేస్తారు, నాలుగేళ్లలో ఇంటా బయటా. టెక్సస్‌కు ఓక్లహోమా, ఏ అండ్ ఎం, ఆర్కన్సా. అలబామాకు ఆబర్న్, టెనెసీ, మిసిసిపీ స్టేట్. జార్జియాకు ఫ్లోరిడా, ఆబర్న్, సౌత్ కరోలైనా. ఏటా జరిగే జాబితాలోంచి జారిపోయినవి కూడా చూడాలి: అలబామా–ఎల్‌ఎస్‌యూ, ఫ్లోరిడా–టెనెసీ. ఒకే కాన్ఫరెన్సులో ఉండి కూడా ఇకనుంచి అవి ఏడు విడిచి ఏడు ఆటలు. ఈ మూడేసి జాబితా కూడా శాశ్వతం కాదు, నాలుగేళ్ల తర్వాత మళ్లీ చూస్తామన్నారు.

బిగ్ టెన్: 18 జట్లు, మొత్తం 12 కాపాడిన జోడీలు. అందరికీ సమానంగా పంచలేదు. అయోవాకు మూడు (మినెసోటా, నెబ్రాస్కా, విస్కాన్సిన్). పెన్ స్టేట్‌కు ఒక్కటీ లేదు. నాకు ఎస్‌ఈసీ పద్ధతికంటే ఇదే మేలనిపిస్తుంది. అవసరం ఉన్నచోట మూడు, లేనిచోట సున్నా. అందరికీ మూడు ఇవ్వాలని పట్టుబడితే ఓక్లహోమా–ఓల్ మిస్ లాంటి చరిత్ర లేని జోడీలు కూడా ఏటేటి ఆటలైపోతాయి, అలబామా–ఎల్‌ఎస్‌యూకు చోటుండదు.

బిగ్ 12: 16 జట్లు, నాలుగే జోడీలు. అరిజోనా–అరిజోనా స్టేట్, బీవైయూ–యూటా, కాన్సస్–కాన్సస్ స్టేట్, బేలర్–టీసీయూ. బీవైయూ–యూటా జోడీ కాన్ఫరెన్సుల మార్పుల వల్ల లాభపడినది. 2011లో యూటా పాక్-12కు వెళ్లాక 2014, 2015ల్లో మామూలు సీజనులో ఆట లేదు. 2024 నుంచి రెండూ ఒకేచోట, ఏటా ఆట.

ఏసీసీలో ఫుట్‌బాల్‌కు 17 జట్లు. అక్కడ 9 ఆటలకు మారడంలో చిన్న గణితం చిక్కు ఉంది. 17 ఇంటూ 9 అంటే 153, బేసి సంఖ్య. ప్రతి ఆటలో ఇద్దరు ఉండాలి కాబట్టి ఆ మొత్తం సరిసంఖ్య కావాల్సిందే. కనీసం ఒక్క జట్టయినా 8తో ఆగాలి.

---

ఒప్పందం_చదవండి జవాబు:

పంతం ఉంది, దాచాల్సిన పని లేదు. అది ఎప్పుడూ వదిలేయబడిన పక్షానిదే మొదట. మిజోరి 2012లో ఎస్‌ఈసీకి వెళ్లాక 1891 నాటి ఆ సరిహద్దు పోరును కొనసాగించడానికి కాన్సస్ ఇష్టపడలేదు. టెక్సస్ విషయంలోనూ మొదట ఇంతే. వెళ్లిపోయింది ఏ అండ్ ఎం, షెడ్యూల్లో ఖాళీ లేదన్నది టెక్సస్. పదేళ్ల తర్వాత 2021లో టెక్సస్ కూడా ఎస్‌ఈసీకి వస్తానంటే అభ్యంతరం చెప్పింది ఏ అండ్ ఎం. ఆ రాష్ట్రం నుంచి ఎస్‌ఈసీలో ఉన్న ఒకే ఒక్క జట్టు అన్న హోదా వాళ్లకు కొత్త ఆటగాళ్లను రప్పించుకోవడంలో పనికొచ్చేది.

పంతం తగ్గడానికి అథ్లెటిక్ డైరెక్టర్లు, కోచ్‌లు మారాలి. తగ్గాక కూడా ఆట మొదలయ్యేసరికి ఏళ్లు పడుతుంది, పైన చెప్పిన ముందస్తు ఒప్పందాల వల్ల. మిజోరి, కాన్సస్ మొదట బాస్కెట్‌బాల్ ఆడాయి, 2021 డిసెంబరులో. ఫుట్‌బాల్ 2025 సెప్టెంబర్ 6న మిజోరి సొంత ఊరు కొలంబియాలో జరిగింది, మిజోరి 42–31తో గెలిచింది. పిట్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియాలది అలాంటి కథే. 75 మైళ్ల దూరం, 2011 తర్వాత ఆగిన ఆట 2022లో తిరిగి వచ్చింది.

ఇక ఒప్పందం. ప్రభుత్వ యూనివర్సిటీల ఒప్పందాలు సాధారణంగా బహిరంగ పత్రాలు, అడిగితే ఇస్తారు. నోటర్ డేమ్, యూఎస్‌సీ, స్టాన్‌ఫర్డ్, టీసీయూ లాంటి ప్రైవేటు బళ్లకు ఆ బాధ్యత లేదు, కాబట్టి ప్రత్యర్థి ప్రభుత్వ బడి అయితే ఆ వైపు అడగాలి. చేతికొచ్చాక ఈ అంశాలు చూడండి.

మొదటిది రద్దు చేసుకుంటే కట్టాల్సిన పరిహారం. తక్కువగా ఉంటే ఆ ఆట కాగితం మీదిదే. బాగా డబ్బున్న బడికి పది లక్షల డాలర్లు ఒక లెక్క కాదు. రెండోది కాన్ఫరెన్సు నిబంధన: "మా కాన్ఫరెన్సు ఆటల సంఖ్య పెంచితే పరిహారం లేకుండా తప్పుకోవచ్చు" అన్న అర్థంలో ఒక వాక్యం ఉందేమో చూడండి. 8 నుంచి 9కి మారినప్పుడు చాలా ఆటలు ఎగిరిపోయే అవకాశం ఇచ్చేది ఇదే. మూడోది ఆటల నిష్పత్తి. ఇంటికొకటి, బయటొకటి అయితే సరే. పెద్ద స్టేడియం ఉన్నవాళ్లు రెండుకి ఒకటి అడిగితే అక్కడే చర్చలు తెగిపోతాయి. పెన్ స్టేట్ స్టేడియంలో లక్షకు పైగా సీట్లు, పిట్స్‌బర్గ్ ఆడేచోట 70 వేలకు లోపు. ఇంటి ఆట వదులుకుంటే ఎవరికి ఎక్కువ నష్టమో తెలుస్తూనే ఉంది. 1992 దాకా ఏటా ఆడిన ఆ రెండు జట్లు పెన్ స్టేట్ బిగ్ టెన్‌లో ఆడటం మొదలుపెట్టిన 1993 నుంచి ఇప్పటిదాకా కలిసింది ఎనిమిదే సార్లు: 1997 నుంచి 2000, తర్వాత 2016 నుంచి 2019.

నాలుగోది అతిథి జట్టుకు ఇచ్చే టికెట్లు. కాన్ఫరెన్సు బయటి ఆటకు సాధారణంగా మూడు నుంచి అయిదు వేలు. డల్లస్‌లో సగం సగం ఉన్న ఆటకూ, పై అంతస్తు మూల మీద అయిదు వేల సీట్లున్న ఆటకూ పొంతనే లేదు. అయిదోది టీవీ. ఇంటి జట్టు కాన్ఫరెన్సుకే ప్రసార హక్కులు. అతిథి కాన్ఫరెన్సుకు ఆ ఆట మీద పైసా రాదు. అందుకే కాన్ఫరెన్సు కమిషనర్లు బయటి ఆటలకంటే లోపలి తొమ్మిదో ఆటనే కోరుకుంటారు: దాన్ని ఎక్కడ ఆడినా అమ్మేది వాళ్లే.

---

పాత_స్కోరుపుస్తకం జవాబు:

"అంతా టీవీ డబ్బు" అన్న మాట వెనక లెక్క అడిగారు కదా, పై వాక్యానికి కొనసాగింపుగా చెబుతాను.

1984 దాకా టీవీ హక్కులు కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి. ఓక్లహోమా యూనివర్సిటీ రీజెంట్లు (పాలకమండలి సభ్యులు), జార్జియా వేసిన కేసులో సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. అమ్ముకునే హక్కు బళ్లకు వచ్చింది, పోనుపోను వాటి తరఫున అమ్మేది కాన్ఫరెన్సులే అయ్యాయి. అమ్ముకునే సరుకు ఎంత పెద్దదైతే ధర అంత. ఎస్‌ఈసీ 1992లో ఆర్కన్సా, సౌత్ కరోలైనాలను చేర్చుకుని 12 జట్లతో ఛాంపియన్‌షిప్ ఆట మొదలుపెట్టింది. ఆర్కన్సా పోవడంతో బలహీనపడ్డ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు 1996లో మూతపడింది. రైస్, ఎస్‌ఎంయూ, టీసీయూ, హ్యూస్టన్‌లను బిగ్ 12 పిలవలేదు. టెక్సస్‌తో వాటి ఏటేటి ఆటలు అక్కడే పోయాయి, వాటికోసం ఎవరూ పెద్దగా బాధపడలేదు కూడా.

ఆ తర్వాతి దశ కేబుల్ టీవీ ఉన్న ఇళ్లది. 2014లో రట్గర్స్, మేరీలాండ్‌లను బిగ్ టెన్ తీసుకుంది న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల పక్కన బిగ్ టెన్ నెట్‌వర్క్‌కు చందాదారులు దొరుకుతారని. మేరీలాండ్ ఏసీసీకి 3.14 కోట్ల డాలర్లు వదులుకుని వచ్చింది. డ్యూక్‌తో దాని బాస్కెట్‌బాల్ పోరు దానితోనే పోయింది. ఇప్పుడు కేబుల్ తగ్గుతోంది, దేశమంతా చూసే పెద్ద ఆటలకే విలువ. 2022లో బిగ్ టెన్ చేసుకున్న ఏడేళ్ల ఒప్పందం 700 కోట్ల డాలర్ల పైమాటే. టెక్సస్, ఓక్లహోమా ఒక్క ఏడు ముందు వెళ్లడానికి కలిసి 10 కోట్ల డాలర్లు వదులుకున్నాయి. ఇంత సొమ్ము మధ్య, ఒక రాష్ట్రానికి మాత్రమే పట్టే ఆటకు బేరమాడే బలం తక్కువ. ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ వెనకబడింది ఆటలో కాదు, ఈ తూకంలో.

---

తేదీ_ముఖ్యం జవాబు:

ఇంకో దెబ్బ ప్లేఆఫ్ వల్ల తగులుతోంది. జాతీయ విజేతను తేల్చేది ప్లేఆఫ్. 2024 నుంచి అందులో 12 జట్లు: అయిదుగురు కాన్ఫరెన్సు విజేతలు, ఏడుగురు కమిటీ ఎంపిక. 2024 నవంబర్ 30న మిషిగన్ 13–10తో ఒహాయో స్టేట్‌ను వాళ్లింట్లోనే ఓడించింది. నాలుగు జట్ల రోజుల్లో అయితే దానితో సీజను గల్లంతయ్యేది. ఒహాయో స్టేట్ ఆ జనవరిలో జాతీయ విజేత అయింది. 2025లో 11 ఆటలూ గెలిచి వచ్చిన ఏ అండ్ ఎంను ఆస్టిన్‌లో టెక్సస్ 27–17తో ఓడించింది. ఓడిన ఏ అండ్ ఎం ప్లేఆఫ్‌కు వెళ్లింది, గెలిచిన టెక్సస్ మూడు ఓటములతో బయటే ఉంది.

ఆ మూడింటిలో ఒకటి సీజను మొదట్లో ఒహాయో స్టేట్ చేతిలో 14–7. బయటి ఆటకు బలమైన జట్టును పెట్టుకుంటే ఓటమి మూటగట్టుకోవడం తప్ప ఫలం లేదని డైరెక్టర్లకు అనిపిస్తే మొదట తెగేవి కాన్ఫరెన్సు బయటి పాత పోటీలే. ఓటమికంటే ఎదురున్న జట్టు బలానికి కమిటీ ఎక్కువ విలువ ఇస్తుందా లేదా అన్నదాని మీదే వీటి బతుకు ఆధారపడి ఉంది.

---

మంగళవారం_బేస్‌బాల్ జవాబు:

అందరూ ఫుట్‌బాల్ దగ్గరే ఆగిపోయారు. కాన్ఫరెన్సు మారినా మిగతా క్రీడల్లో పోటీలు సులువుగా బతుకుతాయి, ఎందుకంటే ఆటలు ఎక్కువ. బేస్‌బాల్‌లో గరిష్ఠంగా 56 ఆటలు, ఎస్‌ఈసీ జట్లకు అందులో 30 కాన్ఫరెన్సువి, అన్నీ వారాంతాల్లో. మంగళ, బుధవారాలు బయటి జట్లకే. బస్సులో వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేంత దూరంలో ఉన్న పాత ప్రత్యర్థే దానికి సరైన జోడీ. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ ఫుట్‌బాల్ ఆపేసినా మిగతా క్రీడల్లో ఆడుతూనే ఉన్నాయి. బాస్కెట్‌బాల్‌లో సుమారు 30 ఆటల్లో 18 నుంచి 20 కాన్ఫరెన్సువి, నవంబర్, డిసెంబర్‌లలో చోటు దొరుకుతుంది.

కానీ ఇదే క్రీడాకారులకు కొత్త కాన్ఫరెన్సు ప్రయాణాలు భారం. బిగ్ టెన్ న్యూజెర్సీ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఉంది. స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఏసీసీలో ఉన్నాయి, అంటే వాలీబాల్, సాకర్ జట్లు మూడు టైమ్ జోన్లు దాటి వెళ్లి మరునాడు తరగతికి రావాలి. ఫుట్‌బాల్ జట్టు తనకోసమే అద్దెకు తీసుకున్న విమానంలో ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్తుంది, వీళ్లు మామూలు విమానాలు మారుతూ వెళ్తారు. పొరుగు బడితో వారం మధ్య ఆట వీళ్లకు సెంటిమెంటు మాత్రమే కాదు, విశ్రాంతి.

---

పన్నెండు_శనివారాలు జవాబు:

చివరి ప్రశ్న మిగిలింది, ముందే పసిగట్టడం. ఏదైనా ఒక జోడీ తీసుకుని ఈ వరసలో చూడండి.

ఒకే కాన్ఫరెన్సు అయితే ముందు కాపాడిన జాబితాలో ఉందా లేదా చూడాలి. లేకపోతే నాలుగేళ్లలో రెండుసార్లే అనుకోండి. వేర్వేరు కాన్ఫరెన్సులైతే రెండు జట్ల వచ్చే ఆరేడేళ్ల బయటి ఆటల పట్టిక పక్కపక్కన పెట్టండి. ఒకే ఏడాది రెండింటికీ బలమైన జట్టు ఏదీ లేని ఖాళీ ఉందా? ఉంటే హోమ్ గేముల వంతు చూడండి, 4–5 వంతులు ఎదురెదురుగా ఉన్నాయా? ఉంటే ఇక అడ్డం మనుషులే, వాళ్లు మారతారు.

రాష్ట్ర ప్రభుత్వం బరువు కూడా కలపాలి. రెండూ ఒకే రాష్ట్రపు ప్రభుత్వ బళ్లు అయితే శాసనసభ్యులు, రీజెంట్లు ఊరుకోరు. కాలిఫోర్నియాలో యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్లినందుకు ఏటా కోటి డాలర్లు కాల్‌కు ఇవ్వాలని రీజెంట్లు నిర్ణయించారు. డబ్బు ఇప్పించగలిగినవాళ్లు ఆట కూడా ఆడించగలరు, తలచుకుంటే. రాష్ట్రం సరిహద్దు దాటిన జోడీలకు ఆ అండ లేదు.

ఈ లెక్కన బెడ్‌లమ్‌కు తలుపు మూసుకుపోలేదు. రెండూ ఓక్లహోమా ప్రభుత్వ బళ్లు, దగ్గరి దూరం, మిషిగన్, ఒరెగన్ ఒప్పందాలు 2026తో తీరిపోతాయి. ఎస్‌ఈసీకి ఏటా కావాల్సిన ఆ ఒక్క పెద్ద కాన్ఫరెన్సు జట్టు స్థానంలో ఓక్లహోమా స్టేట్ సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు గమనించాల్సింది 2027 తర్వాతి పట్టికలు. అక్కడ రెండు జట్లూ ఆ చోటును వేరేవాళ్లతో నింపుకుంటూ పోతే ఇంకో పదేళ్లు ఆశ వదులుకోవచ్చు. ఖాళీగా ఉంచుతున్నాయంటే మాటలు నడుస్తున్నాయని అర్థం.